మూడో దశలో ఏం జరిగిందో మా పిల్లలకు చెప్పండి

ఇస్రో ఛైర్మన్ డాక్టర్ వి. నారాయణన్ గారికి, షార్‌లో (శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో), తిరువనంతపురంలో, బెంగళూరులో పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు, ఇంజినీర్లకు, టెక్నీషియన్లకు నమస్కారం.

2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61, 2026 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ-సీ62 రాకెట్లు. రెండూ శ్రీహరికోట నుంచి చక్కగా లేచాయి, రెండూ మూడో దశలోనే దెబ్బతిన్నాయి. మొదటిదానికి కారణం తేల్చడానికి కమిటీ వేశారు. ఆ కమిటీ పూర్తి నివేదిక ప్రజల ముందుకు రాకముందే రెండోది ఎగిరింది. ఈ రెండు వైఫల్యాల నివేదికలనూ బయటపెట్టమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. వాటిని హైస్కూలు పిల్లలు చదివి అర్థం చేసుకునేలా, తెలుగుతో సహా మన భాషల్లో ఇవ్వమని కూడా అడుగుతున్నాను.

నేను నాయుడుపేట దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మా ఊళ్ళ వాళ్ళకు రాకెట్ టీవీలో చూసేది కాదు. వదిలే రోజు పొలంలో ఉన్నవాళ్ళు పని ఆపి తూర్పుకు తిరుగుతారు. ముందు వెలుగు కనిపిస్తుంది, చాలాసేపటికి గానీ చప్పుడు రాదు. ఆ తేడాను లెక్కపెట్టి షార్ ఎంత దూరమో కట్టమని ఎనిమిదో తరగతి వాళ్ళకు చెబుతాను. ధ్వని వేగం పాఠం వాళ్ళకు అలా వస్తుంది. మా స్కూల్లో పులికాట్ మీద వేటకు వెళ్ళే కుటుంబాల పిల్లలున్నారు. రాకెట్ రోజు వేటకు వెళ్ళొద్దని చెబితే ఆ రోజు రాబడి మానుకునేది వాళ్ళ నాన్నలే. యానాదుల పిల్లలున్నారు. షార్ కట్టడానికి ముందు ఆ దీవి మీద బతికిన వాళ్ళ మనవలు, మునిమనవలు వాళ్ళు. మీ రాకెట్‌తో ఇంత దగ్గరి సంబంధం ఉన్న పిల్లలు ఇంకెక్కడా ఉండరని నా నమ్మకం.

సీ62 ఎగిరింది సంక్రాంతి సెలవుల్లో. బడి తెరిచాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: "మేడం, పోయినసారి కూడా మూడో దశే కదా? అప్పుడు ఏం తప్పు దొరికింది? దాన్ని సరిచేశాకే కదా మళ్ళీ వదిలారు?" క్లాసులో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న అదే. నేను చెప్పగలిగింది మీరు ప్రకటించినంతే. సీ61లో మూడో దశ మోటారు గదిలో పీడనం తగ్గింది. సీ62లో మూడో దశ చివర్లో రాకెట్ తన చుట్టూ తాను తిరిగే వేగంలో తేడా వచ్చి, దారి మారింది. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

అయితే ఆ రెండు వాక్యాలతోనే మేం రెండు పీరియడ్లు గడిపాం. పిల్లలు ఎంత దూరం ఆలోచించగలరో మీకు తెలియాలని ఆ సంగతి రాస్తున్నాను.

పీఎస్‌ఎల్‌వీకి ఒకదాని తర్వాత ఒకటి వెలిగే నాలుగు దశలు. ఒకటి ఘన ఇంధనం, రెండు ద్రవం, మూడు మళ్ళీ ఘనం, నాలుగు ద్రవం. మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఇంధనం ఉంటే మూడో దశలో ఉండేది ఏడున్నర టన్నులే. చిన్నదే అయినా గాలి దాదాపు లేని ఎత్తులో వెలిగి ఉపగ్రహానికి కావలసిన వేగంలో పెద్ద భాగం అదే ఇస్తుంది. అందులో ఉండేది రబ్బరులాంటి పదార్థంలో అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి కలిపి గట్టిపరిచిన ముద్ద. తారాజువ్వలాగే ఒకసారి అంటుకుంటే ఇక ఆపడం ఉండదు. మండే గ్యాసు లోపల పీడనం పెంచుతుంది, ఆ పీడనమే నాజిల్ (మోటారు వెనక ఉండే గొట్టం) గుండా గ్యాసును తోసి రాకెట్‌ను ముందుకు నెడుతుంది. పీడనం తగ్గితే తోపు తగ్గుతుంది. తోపు తగ్గితే వేగం చాలదు, వేగం చాలకపోతే ఉపగ్రహం కక్ష్యలో నిలవదు. ఇంతవరకూ పాఠం.

ఇక్కడి నుంచి వాళ్ళే అందుకున్నారు. ఒక అబ్బాయి ఇంధనంలో పగులు వచ్చి ఉంటుందన్నాడు. ఆ మొదటి ప్రశ్న అడిగిన అమ్మాయి వెంటనే కాదంది. పగులు వస్తే మండే ఉపరితలం పెరుగుతుంది, అప్పుడు గ్యాసు ఎక్కువ వచ్చి పీడనం పెరగాలి గానీ ఎందుకు తగ్గుతుంది అని ఆమె వాదన. అయితే గ్యాసు ఎక్కడో బయటికి పోతోందని ఇంకొకరు. ఎక్కడి నుంచి? నాజిల్ అతుకు దగ్గరా, మోటారు గోడకా? గోడ లోపల వేడి తగలకుండా వేసే పూత ఊడిందా? ఆ తర్వాత సీ62 సంగతికి వచ్చాం. మూడో దశ నాజిల్‌ను కొద్దిగా వంచి రాకెట్ ముక్కును పైకీ కిందికీ, అటూ ఇటూ తిప్పవచ్చు. తన చుట్టూ తాను తిరగడాన్ని మాత్రం ఆ ఒక్క నాజిల్ అదుపు చెయ్యలేదు. ఆ పని నాలుగో దశలో ఉండే చిన్న థ్రస్టర్లది. ఇది చెప్పగానే, "పక్క నుంచి గ్యాసు చిమ్మితే రాకెట్ తిరిగిపోతుంది కదా మేడం, అయితే రెండుసార్లూ జరిగింది ఒకటేనా?" అన్నారు.

అవునని గానీ కాదని గానీ నేను చెప్పలేను. పుస్తకాల్లో లేదు, ఏ వెబ్‌సైట్‌లోనూ లేదు. జవాబు మీ దగ్గరే ఉంది. పద్నాలుగేళ్ళ పిల్లలు సరైన ప్రశ్న దాకా వచ్చి నిలబడ్డారు. అక్కడి నుంచి వాళ్ళను ముందుకు తీసుకెళ్ళే కాగితం ఒకటి మీ బీరువాలో ఉందని తెలిసి ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

నిజానికి నేను అడుగుతున్నది కొత్త ఆచారమేమీ కాదు, ఇస్రో ఇదివరకు చేసిందే. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ విఫలమైంది. కొన్ని నెలల తర్వాత కమిటీ ఏం తేల్చిందో ఇస్రో ప్రకటించింది. ద్రవ హైడ్రోజన్ ట్యాంకు మీదుండే ఒక వాల్వులో మెత్తటి సీలు దెబ్బతింది. దానివల్ల గ్యాసు కారిపోయి ట్యాంకులో పీడనం సరిగా పెరగలేదు. పీడనం లేక ఇంజిన్‌కు హైడ్రోజన్ అందించే పంపుకు కావలసినంత ఇంధనం రాలేదు, తోపు చాలలేదు. మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉండే ద్రవం, దాన్ని ఆపాల్సిన ఒక చిన్న సీలు. ఈ ఒక్క ప్రకటనను నేను ఏటా పాఠంలో వాడుకుంటున్నాను. పీడనం, వ్యాకోచం, అతిశీతల ఉష్ణోగ్రత దగ్గర పదార్థాలు ఎలా మారతాయన్నది, మూడూ అందులో ఉన్నాయి. 2023 మే 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12 విజయవంతమైనప్పుడు మా పిల్లలు చప్పట్లు కొట్టింది రాకెట్ లేచినప్పుడు కాదు, ఆ అతిశీతల ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ దశ అంటుకున్నప్పుడు. ఎక్కడ టెన్షన్ పడాలో వాళ్ళకు తెలుసు కాబట్టి అక్కడ ఊపిరి బిగబట్టారు.

చిన్న ఉపగ్రహాల రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయాణం సంగతీ అంతే. 2022 ఆగస్టు 7న రెండో దశ విడిపోయే క్షణంలో వచ్చిన కుదుపుకు త్వరణం కొలిచే సెన్సర్లు కాసేపు హద్దు దాటిపోయాయి. సెన్సర్లన్నీ పాడయ్యాయని రాకెట్ లోపలి కంప్యూటర్ అనుకుంది. వాటిని పక్కన పెట్టి, ఆపద సమయంలో వాడే పద్ధతిలోకి వెళ్ళిపోయింది. వేగం కొంచెం తగ్గింది. 356 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహాలు ఒకవైపు 76 కిలోమీటర్ల దాకా దిగే కక్ష్యలో పడ్డాయి. అంత కిందికి వస్తే వాతావరణం వాటిని ఉండనివ్వదు. ఆ రాకెట్‌లో ఆజాదీశాట్ ఉంది. దేశంలోని 75 బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి చేసిన ఉపగ్రహం అది. ఏం జరిగిందో ఇస్రో వివరంగా చెప్పింది. రెండో దశ విడిపోయే ఏర్పాటును మార్చింది, సాఫ్ట్‌వేర్‌ను సరిచేసింది. 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ2 మీద ఆజాదీశాట్-2 కక్ష్యకు చేరింది. ఆ 750 మంది పిల్లలకు అందిన చదువు ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేనిది. పోయింది, ఎందుకు పోయిందో తెలిసింది, సరిచేశారు, ఎగిరింది. ఈ నాలుగు మెట్లలో రెండోదాన్ని తీసేస్తే పిల్లలకు మిగిలేది అదృష్టం మీద నమ్మకమే.

చంద్రయాన్-2 గురించి వేరే చెప్పాలా? 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రుడి మీద దిగాల్సిన ల్యాండర్ విక్రమ్‌తో సంబంధం తెగినప్పుడు దేశమంతా మేలుకునే ఉంది. ఆ తర్వాత చాలాకాలం సరైన వివరణ లేదు. 2023లో చంద్రయాన్-3కి ముందు అప్పటి ఛైర్మన్ సోమనాథ్ గారు విడమరిచి చెప్పారు. ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోపు ఇచ్చాయి. ఆ తేడాలు పోగుపడ్డాయి. వాటిని సర్దుకోవడానికి ల్యాండర్ వేగంగా తిరగాల్సి వస్తే అంత వేగంగా తిరగడానికి సాఫ్ట్‌వేర్ హద్దు పెట్టింది. దిగాల్సిన స్థలం చూస్తే 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు మాత్రమే. అందుకే ఈసారి స్థలాన్ని కిలోమీటర్ల మేరకు పెంచామని, ఎక్కడ ఏది చెడిపోవచ్చో ముందే ఊహించి డిజైన్ చేశామని ఆయన అన్నారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ దిగినప్పుడు, ఆ వివరణ విన్నవాళ్ళ ఆనందం వేరు. మిగతావాళ్ళు గెలుపును చూశారు, వీళ్ళు గెలుపు ఎలా తయారైందో చూశారు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

పాత సంగతి ఒకటి కూడా గుర్తు చేస్తాను. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడినప్పుడు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ గారు తానే పత్రికల వాళ్ళ ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నారు. 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు ఆ ప్రాజెక్టును నడిపిన కలాం గారిని పత్రికల ముందుకు పంపారు. ఈ కథ తెలియని పిల్లలు మా బళ్ళో లేరు. ప్రతి సభలో ఎవరో ఒకరు చెబుతారు, చెప్పాలి కూడా. కానీ రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక నైట్రిక్ యాసిడ్ కారిపోయిందని, రాకెట్ పడిపోయింది అందువల్లేనని ఆ సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. పెద్దమనసు గురించి చెబుతున్నాం, వాల్వు గురించి చెప్పడం లేదు. ధావన్ గారి గొప్పతనం తెలిసిన పిల్లవాడు మంచివాడవుతాడు. వాల్వు సంగతి కూడా తెలిస్తే ఇంజినీరవుతాడు. మనకు ఇద్దరూ కావాలి.

1993 సెప్టెంబర్ 20న విఫలమైన పీఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయాణాన్నే తీసుకోండి. దశలు విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపును సర్దడానికి ఇవ్వాల్సిన ఆదేశం విలువ హద్దు దాటింది. అలా దాటితే ఏం చెయ్యాలో సాఫ్ట్‌వేర్‌లో సరిగా రాయలేదు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ళ ఏరియన్-5 మొదటి రాకెట్ పేలిపోవడానికి కూడా కారణం ఒక సంఖ్య తనకిచ్చిన చోటులో పట్టకపోవడమే. వాళ్ళు నెలన్నరలో నివేదికను ప్రపంచం ముందు పెట్టారు. ఈ రోజుకీ మన తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో సాఫ్ట్‌వేర్ పాఠం చెప్పేవాళ్ళు ఆ ఏరియన్ కథే చెబుతారు. మూడేళ్ళ ముందే మన గడ్డ మీద, మనవాళ్ళు ఎదుర్కొని, ఏడాది తిరిగాక 1994 అక్టోబర్ 15న గెలిచి చూపించిన పాఠం ఉంది. దాన్ని మన విద్యార్థుల చేతికి ఎవరూ ఇవ్వలేదు.

నివేదిక బయటపెట్టడానికి మీకు ఇబ్బందులు ఉండవచ్చు. సీ61లో వెళ్ళిన ఈఓఎస్-09 రాడార్ ఉపగ్రహం. సీ62లో వెళ్ళిన అన్వేష దేశ రక్షణకు పనికొచ్చేది. ఆ ఉపగ్రహాల్లో ఏముందో, అవి ఏం చూడగలవో నాకు అక్కర్లేదు, మా పిల్లలకూ అక్కర్లేదు. నేను అడిగేది వాటిని మోసిన రాకెట్ గురించి. ఘన ఇంధన మోటార్ల పరిజ్ఞానం క్షిపణులకూ పనికొస్తుందని, అన్నీ బయటికి చెప్పకూడదని కూడా తెలుసు. కొలతలు, మిశ్రమాల పాళ్ళు, తయారీ పద్ధతులు నల్ల సిరా పెట్టి కొట్టేయండి. ఏ భాగం చెడింది, ఎందుకు చెడింది, పరీక్షల్లో ఎందుకు దొరకలేదు, ఇకమీదట ఏం మారుస్తున్నారు, ఈ నాలుగూ ఉంటే చాలు. ప్రపంచంలో కొద్ది దేశాల దగ్గరే ఉన్న క్రయోజెనిక్ విద్యలో జరిగిన పొరపాటునే 2022లో చెప్పగలిగారు. ముప్పై ఏళ్ళుగా ఎగురుతున్న పీఎస్‌ఎల్‌వీ గురించి చెప్పలేకపోవడానికి అంతకన్నా పెద్ద కారణం నాకు కనిపించడం లేదు.

పైగా పీఎస్‌ఎల్‌వీ ఇప్పుడు ఇస్రో ఒక్కదానిదే కాదు. హెచ్‌ఏఎల్, ఎల్ అండ్ టీ కలిసి అయిదు రాకెట్లు తయారుచేసే ఒప్పందం ఉంది. సీ62లో అన్వేషతో పాటు చిన్న ఉపగ్రహాలు పదిహేను వెళ్ళాయి. వాటిలో హైదరాబాద్ కంపెనీలు ధ్రువ స్పేస్, టేక్‌మీటుస్పేస్ పనిచేసినవి ఉన్నాయి. అస్సాంలో యూనివర్సిటీ పిల్లలు చేసిన లచిత్-1 ఉంది. తొలి ఉపగ్రహం పోగొట్టుకున్న ఆ కుర్రవాళ్ళు రెండోది చెయ్యడానికి డబ్బు అడగడానికి వెళితే, ఎదుటివాళ్ళు మొదట అడిగేది రాకెట్ ఎందుకు పడిందనే. వాళ్ళ చేతిలో చూపించడానికి ఒక కాగితం ఉండాలి. అంతరిక్ష శాఖకు ఏటా 13 వేల కోట్ల రూపాయల పైన కేటాయిస్తున్నారు. ఆ డబ్బు ఎక్కువని నేను ఏనాడూ అనలేదు, ఇంకా పెంచమని అడిగేవాళ్ళలో నేనూ ఉన్నాను. అలా అడిగేవాళ్ళకు కూడా మీ నుంచి ఒక మాట కావాలి.

మన వ్యోమగాములను పంపే గగన్‌యాన్ దగ్గర పడుతోంది కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలనిపించింది. ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా, ఈ నలుగురు వ్యోమగాముల ఫొటోలు మా సైన్స్ గదిలో గోడ మీద ఉన్నాయి. మనిషిని పంపే పనిలో దాపరికం ఎంత ప్రమాదమో 1986లో పేలిపోయిన అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ చూపించింది. చలికి రబ్బరు సీలు బిగుసుకుంటుందని కొందరు ఇంజినీర్లకు ముందే తెలుసు, ఆ మాట పైదాకా చేరలేదు. ఏడుగురు చనిపోయారు. విచారణలో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అందరి ముందూ ఐసు నీళ్ళ గ్లాసులో ఆ రబ్బరు ముక్కను ముంచి చూపించాడు. మా స్కూల్లో ఆ ప్రయోగం చేసి చూపిస్తాను. పిల్లలు తమ చేత్తో నొక్కి చూస్తారు.

మీకు ఆ జాగ్రత్త లేదని నేను అనడం లేదు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా ఎక్కాల్సిన అమెరికా రాకెట్ ఫాల్కన్-9లో ద్రవ ఆక్సిజన్ కారుతుంటే, దాన్ని సరిచేసి పరీక్షించేదాకా ప్రయాణం వద్దని మీ బృందం పట్టుబట్టింది. దేశం మొత్తం దాన్ని చదివి గర్వపడింది. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్ష రాకెట్ టీవీ-డీ1 కౌంట్‌డౌన్ ఇంకో అయిదు సెకన్లు ఉందనగా ఆగిపోయింది. సోమనాథ్ గారు అప్పటికప్పుడు ఆ సంగతి చెప్పారు, లోపం సరిచేసి పది గంటలకు వదిలారు. అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలను కలిపే స్పేడెక్స్ ప్రయోగం అప్పుడైతే వాటి మధ్య దూరం ఎంత తగ్గిందో మీరే చెబుతూ వచ్చారు. 15 మీటర్లు, 3 మీటర్లు, మళ్ళీ వెనక్కి. రెండుసార్లు వాయిదా వేశారు, ఎందుకో చెప్పారు, 2025 జనవరి 16న కలిపారు. ఆ వారమంతా మా పదో తరగతి వాళ్ళు బోర్డు మీద ఆ దూరాలు రాసుకున్నారు. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశనే ప్రయోగశాలగా మార్చిన పోయెమ్-4లో అలసంద విత్తనాలు మొలకెత్తిన ఫొటో వచ్చిన రోజు ఒకడు ఇంటి నుంచి అలసందలు తెచ్చి తడిగుడ్డలో కట్టాడు. ఇదంతా మీరు మాట్లాడటం వల్ల జరిగింది. మీరు మాట్లాడితే పిల్లల్లో ఎంత కదలిక వస్తుందో ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టే, మౌనంగా ఉంటే తట్టుకోలేకపోతున్నాను.

భాష సంగతి. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించింది ఇస్రో. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. మన ఊళ్ళకు ప్రసారాలు తెలుగులో వచ్చాయి. పొద్దున పూట బడి పిల్లలకు సైన్స్ కార్యక్రమాలు ఉండేవి. అప్పటికి మన దేశానికి సొంతంగా ఉపగ్రహం వదిలే రాకెట్ కూడా లేదు. అయినా పల్లె పిల్లలతో వాళ్ళ భాషలోనే మాట్లాడాలని తోచింది. ఇప్పుడు శ్రీహరికోట నుంచి వందకు పైగా ప్రయోగాలు అయిపోయాయి, మీ వెబ్‌సైట్ మాత్రం ఇంగ్లిషులో, హిందీలో ఉంటుంది. మీరు కన్యాకుమారి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో తమిళంలో చదువుకుని ఇంతదాకా వచ్చారని పత్రికల్లో చదివాను. ఎనిమిదో తరగతి పిల్లవాడికి "ఛాంబర్ ప్రెషర్" అని వినిపించి వదిలేయడానికీ, ఆ పీడనం ఎందుకు తగ్గిందో తన ఇంట్లో మాట్లాడే మాటల్లో రెండు పేజీలు చదివించడానికీ ఎంత తేడా ఉంటుందో నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

యువిక గురించి ఒక మాట. తొమ్మిదో తరగతి పిల్లలను ఎంపిక చేసి వేసవిలో ఇస్రో కేంద్రాలకు తీసుకెళ్ళి రెండు వారాలు ఉంచడం చాలా మంచి పని. సీట్లు మాత్రం దేశం మొత్తానికి కలిపి కొన్ని వందలే. సీట్లు పెంచండి అని అందరూ అడుగుతారు, నేనూ అడుగుతున్నాను. అందులో ఒక పూట కేటాయించి, విఫలమైన ఒక ప్రయోగం గణాంకాలు పిల్లల ముందు పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో వాళ్ళనే కనిపెట్టమనండి. అదే సామగ్రిని ఉపాధ్యాయులందరికీ ఇస్తే యువికకు వెళ్ళలేని లక్షల మంది మా గదుల్లోనే చేస్తారు. షార్ లాంచ్ వ్యూ గ్యాలరీకి వేలమంది వస్తారు. అక్కడ రాకెట్ల నమూనాలు ఉన్నాయి, విజయాల బోర్డులు ఉన్నాయి. వైఫల్యాలకు కూడా ఒక గోడ ఇవ్వండి. ఎస్‌ఎల్‌వీ-3 నుంచి సీ62 దాకా ఒక్కొక్కదానికి ఒక్కో పలక, ఏ భాగం చెడింది, ఎలా సరిచేశారు. ఆ గోడ మీద 2004 ఫిబ్రవరి 23 కూడా ఉండాలి. ఆ రోజు షార్‌లో ఘన ఇంధనం అంటుకుని ఆరుగురు చనిపోయారు. వాళ్ళ పేర్లు ఈ ప్రాంతపు పిల్లలు చదవాలి.

అక్టోబర్ మొదటి వారంలో అంతరిక్ష వారోత్సవాలకు మీ ఇంజినీర్లు బళ్ళకు వస్తారు. ఎంతో ఓపిగ్గా మాట్లాడతారు, పిల్లలు ఆటోగ్రాఫ్‌లు తీసుకుంటారు. ఈ ఏడాది వచ్చేవాళ్ళకు మూడో దశ గురించి అడిగితే జవాబు చెప్పడానికి అనుమతి ఇచ్చి పంపండి. తెలిసినా చెప్పలేని స్థితిలో ఒక ఇంజినీరును పద్నాలుగేళ్ళ పిల్లల ముందు నిలబెట్టడం ఆయనకూ కష్టమే.

తర్వాతి పీఎస్‌ఎల్‌వీ ఎగరకముందే సీ61, సీ62 నివేదికలు బయటికి రావాలని కోరుతున్నాను. రహస్యం అనుకున్నవి తీసేసి, మిగిలింది ఇవ్వండి. తెలుగు చేయడానికి మనుషులు లేరంటే చెప్పండి. రెండు రాష్ట్రాల్లోనూ ఆ పని ఉచితంగా చేసిపెట్టే సైన్స్ టీచర్లు చాలామంది ఉన్నారు, మొదటి పేరు నాది రాసుకోండి. నివేదిక చేతికి వచ్చిన వారంలోనే తొమ్మిది, పది తరగతుల చేత చదివిస్తాను. వాళ్ళకు వచ్చే ప్రశ్నలు వాళ్ళ చేతిరాతతోనే మీ కార్యాలయానికి పోస్టులో పంపుతాను. మూడో దశ మీద పనిచేసిన ఇంజినీర్లలో ఎవరైనా ఒకరు వాటికి జవాబు రాయండి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నాయుడుపేట